ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అందకపోవడానికి దూరమే కారణమా?

గిరిబాట: మా అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. మైదానంలో 30,000 మందికి, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక కేంద్రం అన్న నిబంధన తలలను లెక్కిస్తుంది, ఎక్కి దిగాల్సిన కొండలను లెక్కించదు. ముందు రోడ్డు వేయాలి.

కౌలురైతు: మా ఊరికి తారు రోడ్డు ఉంది, ఆసుపత్రి మూడు కిలోమీటర్లే. అయినా మా అమ్మ బీపీకి ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్తుంది. పొద్దున ఓపీకి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, పని దిగి వెళ్లేసరికి తాళం వేసి ఉంటుంది. ఆర్‌ఎంపీ రాత్రి ఎనిమిదింటికి కూడా తలుపు తీస్తాడు, డబ్బులు పంట చేతికొచ్చాక ఇమ్మంటాడు.

గిరిబాట: ఆ మూడు కిలోమీటర్లు ఎలా కొలిచారు? మా ఊరికి కాగితం మీద నాలుగు, కాలిబాటన పదకొండు.

కౌలురైతు: బండి మీద వెళ్లే చెప్పాను. నేను అడిగింది తాళం సంగతి.

పల్నాటి కోడలు: 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో 104 వాహనం మా వీధికే వచ్చింది. మా అత్తగారికి షుగరు పరీక్ష అరుగు మీదే చేశారు.

కౌలురైతు: పగటిపూట వస్తే మేమంతా పొలంలో ఉంటాం.

విశ్రాంత ఏఎన్‌ఎం: తాళం, తాళం అని అంటూనే ఉన్నారు. మైదానంలో సబ్‌సెంటరు, అంటే పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే ఉపకేంద్రం, ఒక్కదానికి 5,000 జనాభా అన్న లెక్కన నర్సమ్మగా 31 ఏళ్లు పనిచేశాను. నాకిచ్చిన క్వార్టరులో కుళాయి తిప్పితే గాలి వచ్చేది. రాత్రి తాగినవాళ్లు తలుపు కొడుతుంటే ట్రంకుపెట్టె అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అక్కడే కాపురముండాలని నన్ను శాసించే ముందు, ఆ గదిలో మీ ఆడబిడ్డను ఒక్క రాత్రి ఉంచుతారా?

గిరిబాట: ఉంచనమ్మా. కానీ మా చెల్లెల్ని డోలీలో తెచ్చేసరికి కేంద్రంలో డాక్టరు లేరు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు, దారిలోనే బిడ్డ పోయింది. రోడ్డుంటే డాక్టరు కూడా నిలుస్తాడన్న ఆశతోనే ఇంతగా పట్టుబడుతున్నాను. జీతం తీసుకునేవారు మా మధ్య ఉండాలన్న మాటను మాత్రం నేను వదులుకోలేను.

విశ్రాంత ఏఎన్‌ఎం: ఆ బిడ్డ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను బాబూ. అయినా ఉండమనే హక్కు మీకు ఉన్నప్పుడు, ఉండగలిగే ఇల్లు అడిగే హక్కు మాకూ ఉంది.

కౌలురైతు: సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఓపీ నడపాలని మండల సమావేశంలో అర్జీ ఇస్తాను. సంతకం పెడతారా అమ్మా?

విశ్రాంత ఏఎన్‌ఎం: రాత్రి కాపలాదారును, నీళ్ల కుళాయిని కూడా అందులో రాయండి, పెడతాను.