అప్‌డేట్: వెల్ష్ పిల్లి పేరు ఎందుకు మారుతోందో అర్థమైంది

పోయిన వారం అడిగాను కదా, వెల్ష్ భాషలో (బ్రిటన్‌లోని వేల్స్ భాష) పిల్లిని 'కాథ్' అంటారు, కానీ పాఠంలో గాథ్, ఖాథ్, ఙాథ్ అని కూడా వస్తోంది, ఇవన్నీ వేరే వేరే పదాలా అని. కాదు. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. నిఘంటువులో 'క' దగ్గరే వెతకాలని చెప్పినవారు నా సగం టెన్షన్ తీర్చేశారు.

'ఇ గాథ్' అంటే అతని పిల్లి, 'ఇ ఖాథ్' అంటే ఆమె పిల్లి. రెండింటిలోనూ 'ఇ' ఒకటే, తేడా అంతా పిల్లి మొదటి అక్షరంలోనే! పాత కెల్టిక్‌లో (వెల్ష్, ఐరిష్‌లకు మూలమైన భాష) 'అతని' అనే మాట అచ్చుతో ముగిసేది, 'ఆమె' అనేది సకారంతో. అచ్చుల మధ్య పడిన 'క' మెత్తబడి 'గ' అయింది, సకారం తర్వాతిది 'ఖ' అయింది. ఆ చివరి శబ్దాలు తర్వాత రాలిపోయాయి, వాటి గుర్తు మాత్రం పక్క పదం మీద మిగిలింది. 'నా' అనే మాటకు చివర నకారం ఉండేది, అందుకే ఙాథ్.

ఐరిష్‌లో ఇది తిరగబడినట్టు ఉంటుంది: 'ఆమె' తర్వాత 'క' మారదు. 'అతని' తర్వాత 'ఖ'లా పలుకుతుంది, 'వారి' తర్వాత 'గ'.

నాకు బాగా నచ్చింది మన సంధులతో పోలిక. కూర, కాయలు కలిస్తే కూరగాయలు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. 'క' 'గ' కావడం మనకు కొత్త కాదు. కాకపోతే మనకు అర్థం మారదు, అక్కడ పిల్లి ఎవరిదో ఆ ఒక్క అక్షరమే చెబుతుంది.

వేల్స్ సరిహద్దు బోర్డు మీద స్వాగతం పలికే మాటల్లో 'కమ్రి' (వెల్ష్‌లో వేల్స్ పేరు) ఎందుకు 'గమ్రి' అయిందో కూడా ఇప్పుడు తెలిసింది. ముందున్న 'ఇ' వల్ల, ఇది 'అతని' కాదు, 'కు' అనే అర్థమున్న వేరే 'ఇ'.