పొగ లేని ఖైనీ పదహారేళ్ళ మెదడును ఏం చేస్తుంది?

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి

మా అబ్బాయికి పదహారేళ్ళు. కర్నూలులో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు వాడి బ్యాగులో ఖైనీ పొట్లాలు దొరికాయి. గట్టిగా అడిగితే దాచలేదు. రాత్రి స్టడీ అవర్లలో నిద్ర రాకుండా ఉండేందుకు, మనసు లెక్కల మీద నిలిచేందుకు గదిలో నలుగురూ వేసుకుంటున్నామని, సిగరెట్టు కాదు గనుక ఊపిరితిత్తులకు ఏమీ కాదని వాదించాడు. మావారేమో "మా నాయన నలభై ఏళ్ళు బీడీలు తాగినాడు, ఎనభై దాటినా వడ్డీ లెక్కలు నోటితోనే కట్టేవాడు, ఆయన మెదడుకేమైంది?" అని కొట్టిపారేస్తున్నారు.

నోటి క్యాన్సరు సంగతి నాకు తెలుసు. దాని గురించి చెప్పీ చెప్పీ అలసిపోయాను, వాడికి అది ఎప్పుడో ముసలితనంలో వచ్చే మాటలా వినిపిస్తోంది. నేను తెలుసుకోవాలనుకుంటున్నది పొగాకులో ఉండే నికోటిన్ గురించి మాత్రమే. ఈ వయసు మెదడు మీద అది నిజంగా ఏం చేస్తుంది? పెద్దవాళ్ళకూ పిల్లలకూ తేడా ఉందా? ఇప్పుడు మానేస్తే జరిగిన నష్టం పూడుతుందా?

జవాబు: జీవశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

అమ్మా, మీ మామగారి ఉదాహరణతో మొదలుపెడతాను, ఎందుకంటే మన ఇళ్ళలో ఈ చర్చ ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది. ఆయన బీడీ ఏ వయసులో పట్టారో మీరు రాయలేదు. పెరుగుదల పూర్తయిన మెదడులో నికోటిన్ ఒక రకంగా, ఇంకా రూపు దిద్దుకుంటున్న మెదడులో మరో రకంగా పనిచేస్తుంది కాబట్టి, ఒక పెద్దమనిషి జ్ఞాపకశక్తిని చూపించి పదహారేళ్ళ పిల్లవాడికి భరోసా ఇవ్వడం కుదరదు.

మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం సహజంగానే తయారవుతుంది. మెలకువగా ఉండటానికి, దృష్టి నిలపడానికి, కొత్త విషయాన్ని గుర్తుంచుకోవడానికి అది కావాలి. కౌమారంలో దానికి ఇంకో బాధ్యత కూడా ఉంటుంది: ఏ నాడీ సంబంధాలు బలపడాలి, ఏవి తొలగిపోవాలి అన్న ఏర్పాటులో అది పాలుపంచుకుంటుంది. చీనీ తోటకు కత్తెర వేసే రైతు ఏ కొమ్మ ఉంచాలో చూసుకుని మిగిలినవి తీసేసినట్టు, ఈ వయసులో మెదడు వాడకంలో లేని సంబంధాలను తగ్గించుకుంటూ వస్తుంది. ఈ పని అన్నిటికంటే ఆలస్యంగా, దాదాపు ఇరవై ఐదేళ్ళ వరకూ సాగేది నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో. ఆగి ఆలోచించడం, తొందరను అణచుకోవడం, ఒక పని మీద నిలకడగా ఉండటం ఆ భాగం చేసే పనులే. సుఖాన్ని గుర్తుపట్టి మళ్ళీ కావాలనిపించే లోపలి భాగాలు మాత్రం అంతకు ఎంతో ముందే చురుకెక్కుతాయి.

నికోటిన్ వెళ్ళి పట్టుకునేది సరిగ్గా ఈ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలనే, అంటే ఆ రసాయనం వచ్చి అతుక్కునేందుకు నాడీకణాల మీద ఉండే చోట్లనే. సహజ రసాయనాన్ని పని కాగానే ఒక ఎంజైము విరిచేస్తుంది, నికోటిన్‌ను ఆ ఎంజైము ముట్టదు. రక్తంలో అది సగానికి తగ్గడానికే సుమారు 2 గంటలు పడుతుంది. అంతసేపు తాకిడికి గురైన గ్రాహకాలు మొద్దుబారతాయి, దానికి ప్రతిగా మెదడు వాటి సంఖ్యను పెంచుకుంటుంది. మరోవైపు సుఖాన్ని గుర్తుపట్టించే డోపమైన్ అనే రసాయనం విడుదలై "ఇది మళ్ళీ కావాలి" అన్న పాఠం గట్టిగా నాటుకుంటుంది. రోజూ వాడకముందే, అప్పుడప్పుడు వాడే దశలోనే కొందరు పిల్లల్లో వ్యసన లక్షణాలు కనిపించడానికి కారణం ఇదే.

ఇక లెక్కల మీద మనసు నిలుస్తోందన్న మాట. అది పూర్తిగా అబద్ధం కాదు, నికోటిన్ కొద్దిసేపు చురుకుదనం ఇస్తుంది. అయితే అలవాటు పడ్డాక జరిగేది వేరు. పొద్దున వేసుకున్నది దిగిపోయేసరికి రెండో మూడో పీరియడులో చిరాకు, పరధ్యానం మొదలవుతాయి. మళ్ళీ ఒక చిటికెడు పెదవి కింద పెట్టుకోగానే అవి తగ్గుతాయి. ఆ తగ్గడాన్నే పిల్లవాడు తెలివి పెరగడంగా లెక్క వేసుకుంటున్నాడు. ఖైనీ వాడని తోటి విద్యార్థికి అసలు ఆ చిరాకే ఉండదు.

పొగ లేదు గనుక తేలిక అన్న వాదన కూడా నిలవదు. ఖైనీలో కలిపి నలిపే సున్నం క్షారగుణం వల్ల నికోటిన్ నోటి పొర గుండా సులువుగా రక్తంలోకి దిగుతుంది. సిగరెట్టు పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది, ఖైనీది నెమ్మదిగా ఎక్కుతుంది, కానీ చాలాసేపు నిలుస్తుంది.

ఆధారాల సంగతికి వస్తే, నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో కౌమార దశలో నికోటిన్ ఇచ్చిన ఎలుకలకు, అది ఆపి చాలా కాలమై పెద్దవయ్యాక కూడా ఏకాగ్రత లోపం మిగిలింది, ప్రీఫ్రంటల్ భాగంలో గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనాన్ని అందుకునే ఒక రకం గ్రాహకం తగ్గిపోయింది. పెద్ద వయసులో నికోటిన్ ఇచ్చిన ఎలుకలకు ఆ లోపం రాలేదు. మీ వారికి చూపించవలసింది ఈ తేడానే. మనుషుల విషయంలో, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు 2005లో ప్రచురించిన పరిశీలనలో పొగతాగే కౌమార వయసు పిల్లలు తక్షణ జ్ఞాపకశక్తి పరీక్షలలో వెనుకబడ్డారు, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే లోపం అంత ఎక్కువగా కనిపించింది.

జవాబు: ఆదోని నుంచి ఒక తండ్రి

అధ్యాపకుల వారు చెప్పినదాంట్లో నాకు ఒక అభ్యంతరం ఉంది. ఎలుకకు సూదితో ఎక్కించిన నికోటిన్‌నూ, హాస్టల్ కుర్రవాడు పెదవి కింద పెట్టుకునే చిటికెడునూ ఒకే గాటన కట్టలేం. చదువులో వెనుకబడి, దిగులుతో ఉన్న పిల్లలే పొగాకు వైపు వెళ్తారేమో, అప్పుడు ఏది కారణమో ఏది ఫలితమో ఎలా తేలుస్తారు? తెల్లవారుజామున లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే చదువులున్నంత కాలం నిద్ర ఆపుకోవడానికి పిల్లలు ఏదో ఒకటి వెతుక్కుంటారు. ముందు అడగవలసింది ఆ నిద్ర గురించి.

ఇంకొక మాట. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వారికి పొగాకు అమ్మకూడదు, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. హాస్టల్ ఎదుటి అంగడిలో అది ఎలా దొరుకుతోందో తల్లిదండ్రులంతా కలిసి వెళ్ళి అడగండి.

జవాబు: జీవశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

అన్నా, మీ అభ్యంతరం సరైనదే. పిల్లలకు నికోటిన్ ఇచ్చి పరీక్షించడం ఎవరూ చేయకూడని పని కనుక, మనుషుల్లో మనకున్నవి పరిశీలనలు మాత్రమే, వాటితో కారణాన్ని గట్టిగా తేల్చలేం. అయితే ప్రయోగం చేయగలిగిన జంతువులలో కనబడినదీ, మనుషుల పరిశీలనలలో కనబడినదీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. నాకు అది చాలు. నిద్ర విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నికోటిన్ ఆ కొద్దిపాటి నిద్రను కూడా పలచన చేస్తుంది, మరుసటి రోజు మగతకు మళ్ళీ ఖైనీయే మందవుతుంది.

ఆ తల్లి అడిగిన చివరి ప్రశ్నకు నేను జవాబు రాయలేదు. పెద్దవాళ్ళ మెదడు స్కానింగులలో, పొగతాగడం వల్ల పెరిగిన గ్రాహకాల సంఖ్య మానేసిన 6 నుంచి 12 వారాలలో మామూలు స్థాయికి దిగినట్టు తేలింది. అంటే ఆ ఒక్క మార్పు వెనక్కి మళ్ళుతుంది. కౌమారంలో పడిన మార్పులన్నీ అలాగే మళ్ళుతాయని హామీ ఇవ్వను గానీ, కట్టడం ఇంకా సాగుతున్న వయసు గనుక ఎంత త్వరగా ఆపితే అంత మేలు.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మావారికి ఎలుకల సంగతి చదివి వినిపించాను, మారు మాట్లాడలేదు. ఇక మా వాడు అంటున్నది: రెండు రోజులు మానితే తలనొప్పి, కోపం వస్తున్నాయట, పుస్తకం తెరిస్తే అక్షరాలు అంటడం లేదట. ముందు పరీక్షలున్నాయి. ఎలా మాన్పించాలి?

జవాబు: వ్యసన విముక్తి విభాగంలో పనిచేసే నర్సు, కర్నూలు

అక్కా, వాడు చెబుతున్నవి సాకులు కావు. నికోటిన్ ఆపిన రోజు నుంచే అవి మొదలై, రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరి, తర్వాత నెమ్మదించి మూడు నాలుగు వారాలలో చాలావరకు సర్దుకుంటాయి. వాడు సరిగ్గా తారస్థాయి దగ్గర ఆగి వెనక్కి వస్తున్నాడు. అందుకే పరీక్షల వారంలో మాన్పించే పని పెట్టుకోకండి. ఇంటి దగ్గర ఉండే సెలవుల్లో మొదటి వారం గడిచేలా చూడండి. ఆ రోజుల్లో వాడు విసుక్కుంటే ఎదురు తిట్టకుండా ఉండమని మీ వారికి ముందే చెప్పండి.

నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో దొరుకుతుంది గానీ, పద్దెనిమిది నిండని పిల్లవాడికి డాక్టరు చెప్పకుండా ఇవ్వకండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించండి. డాక్టరు గమ్ రాస్తే, దాన్ని మామూలు బబుల్‌గమ్ మాదిరి గబగబా నమలకూడదని, కొద్దిగా నమిలి చెంపన పెట్టుకోవాలని, దానికి పావుగంట ముందు కాఫీ, కూల్‌డ్రింకు తాగకూడదని చెప్పండి. ఫోనులో మాట్లాడాలంటే జాతీయ పొగాకు విముక్తి లైను 1800-11-2356, మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416 ఉచితంగా పనిచేస్తాయి. మొదటి నంబరు పొగాకు పొట్లం మీదే అచ్చై ఉంటుంది.

వాడి కింది పెదవి లోపలి వైపు ఒకసారి వెలుతురులో చూడండి. ఖైనీ పెట్టుకునే చోట పొర తెల్లబడి, ముడతలు పడి, గరుకుగా ఉంటే వెంటనే దంతవైద్యుడికి చూపించాలి. ఇంకో విషయం, గదిలో మిగిలిన ముగ్గురూ వేసుకుంటుంటే వీడొక్కడు ఆగడం చాలా కష్టం. కుదిరితే ఆ ముగ్గురి తల్లిదండ్రులకూ ఫోను చేసి నలుగురినీ ఒకే సెలవుల్లో మాన్పించండి. కుదరకపోతే వార్డెన్‌తో మాట్లాడి గది మార్పించండి.