అన్న మీద పొలం దావా వేసిన చెల్లెలు ప్రభువు బల్లలో పాలు పొందవచ్చా?

గుంటూరు సోదరి:

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా నాన్నగారు వీలునామా రాయకుండానే ప్రభువునందు నిద్రించారు. ఆయన పేరున ఉన్న మూడు ఎకరాల మాగాణి ఇప్పుడు పాసుపుస్తకంలో మా అన్నయ్య ఒక్కరి పేరున ఉంది. బ్యాంకు లోను కోసమని చెప్పి అమ్మ చేతా నా చేతా సంతకాలు తీసుకొని, ఆ కాగితాలతోనే పేరు మార్పించుకున్నారు. నా వాటా అడిగితే, "కట్నం ఇచ్చి పెళ్లి చేశాం, ఆ కృతజ్ఞతైనా లేదా?" అన్నది ఆయన సమాధానం. చివరకు నేను పంపకాల దావా వేశాను.

ఈ సంవత్సరం కోతపండుగనాడు, వరి కంకులు కట్టిన స్తంభాల మధ్య, గుమ్మడికాయలూ అరటి గెలల పక్కన, ఆ పొలంలో పండిన బియ్యం బస్తాను అన్నయ్య కృతజ్ఞతార్పణగా పెట్టారు. మా సంఘ కాపరి అయ్యగారు దాని మీద చేయి ఉంచి, ఆ కుటుంబాన్ని ఇంకా దీవించమని ప్రార్థించారు. తర్వాతి నెల మొదటి ఆదివారం నేను రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లబోతే మాత్రం నన్ను పక్కకు పిలిచి, "మనసులో సమాధానం లేకుండా పాలు పొందితే శిక్షావిధి కొనితెచ్చుకుంటావమ్మా, దావా వెనక్కు తీసుకొని, అన్నను క్షమించి రా" అన్నారు. అన్నయ్య ఇంతవరకు తప్పు ఒప్పుకోలేదు. క్షమించడమంటే దావా వదులుకోవడమేనా? పెద్దలు వాక్యానుసారంగా చెప్పగలరని అడుగుతున్నాను.

సంఘ పెద్ద, కృష్ణా జిల్లా:

అమ్మా, నీకు జరిగింది అన్యాయమే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. అయినా నీ కాపరి చెప్పిన మాటనే నేనూ చెబుతాను. విశ్వాసులు ఒకరిమీద ఒకరు అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యెమాడడమే లోపమనీ, దానికంటే అన్యాయాన్ని సహించడం మేలనీ పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక ఆరవ అధ్యాయంలో రాశాడు. స్వాస్థ్యం పంచిపెట్టమని నా సహోదరునితో చెప్పమని ఒకడు ప్రభువును అడిగినప్పుడు, ఆయన తీర్పరిగా ఉండడానికి ఒప్పుకోక, లోభం విషయమై జాగ్రత్తపడమన్నాడు. ఇది సరిగ్గా నీ సంగతే.

క్షమాపణ అడిగితేనే క్షమిస్తామనడం కూడా సరి కాదు. సిలువ మీద ప్రభువు, "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అన్నప్పుడు ఆయనను కొట్టినవారెవ్వరూ పశ్చాత్తాపపడి నిలబడలేదు. మన దేశంలోనే, 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్ గ్రామంలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఆయన ఇద్దరు చిన్న కుమారులనూ వాహనంలో నిద్రిస్తుండగా సజీవంగా దహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ గారు తమను ఎవరూ క్షమాపణ అడగకముందే హంతకులను క్షమించామన్నారు, బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల సేవను కొనసాగించారు. భర్తనూ బిడ్డలనూ పోగొట్టుకున్న తల్లి అంత చేయగలిగినప్పుడు, కాస్త నేల విషయంలో మనం చేయలేమా?

న్యాయవాది, ఏలూరు:

పెద్దలకు వందనాలు. స్టెయిన్స్ గారి సాక్ష్యాన్ని తీసుకొచ్చారు కాబట్టి ఆ కథలో మిగిలిన భాగం కూడా చెప్పుకోవాలి. ఆమె క్షమించారు, విచారణ మాత్రం ఆగలేదు. 2003లో భువనేశ్వర్ కోర్టు ప్రధాన ముద్దాయికి మరణశిక్ష వేసింది, 2005లో హైకోర్టు దానిని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్నే ఖరారు చేసింది. ఆమె క్షమాపణ నిజం కావడానికి ముద్దాయిలు విడుదల కావలసిన అవసరం రాలేదు.

ఇక చట్టం సంగతి. క్రైస్తవ కుటుంబంలో వీలునామా లేకుండా తండ్రి చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు పోగా, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు సమానంగా వస్తాయి, అందులో కొడుకని కూతురని తేడా లేదు. కాబట్టి ఈ సోదరి కుటుంబంలో తల్లికి ఒక ఎకరం, అన్నకు ఒక ఎకరం, చెల్లెలికి ఒక ఎకరం. మన పల్లెల్లో చాలా కుటుంబాలు ఆరాధనలో క్రైస్తవులుగా, కాగితాల్లో హిందువులుగా ఉంటున్నాయి. హిందూ వారసత్వ చట్టం వర్తించినా, తండ్రి స్వార్జితమైతే లెక్క ఇదే. పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన హక్కు మారదు, అది రెవెన్యూ రికార్డు మాత్రమే. పెళ్లికి ఇచ్చిన కట్నాన్ని వాటా కింద జమ వేసుకోవడానికి ఈ చట్టాల్లో చోటు లేదు, అసలు కట్నమే 1961 నుంచి నేరం.

సంఘ పెద్ద, కృష్ణా జిల్లా:

న్యాయవాది గారు చెప్పిన వివరాలకు కృతజ్ఞతలు. కానీ మనోహర్‌పూర్ కేసును నడిపింది ప్రభుత్వం, ఆమె కాదు. హత్య కేసును బాధితులు క్షమించినా ప్రభుత్వం వదలదు, వదలకూడదు కూడా. ఇక్కడ దావా వేసింది చెల్లెలే, వకాల్తా మీద సంతకం ఆమెదే, ఆపగల అధికారమూ ఆమె చేతిలోనే ఉంది. ఆ తేడాను దాటవేయవద్దని మనవి. ఇంకొక ప్రశ్న, మత్తయి పద్దెనిమిదవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుసను మీరు పాటించారా అమ్మా?

గుంటూరు సోదరి:

పాటించానండీ. మొదట నేను ఒంటరిగా వెళ్లి అడిగాను. తర్వాత మా మేనమామనూ, సంఘంలోని ఒక పెద్దాయననూ వెంటబెట్టుకొని వెళ్లాను. మూడోసారి సంఘ కమిటీకి కాగితం రాసి ఇచ్చాను. అన్నయ్య ఆ కమిటీలో సభ్యులు. ఇది కుటుంబ విషయమని చెప్పి ఆ కాగితాన్ని చర్చకే తీసుకోలేదు. ఆ తర్వాతే కోర్టుకు వెళ్లాను.

వాక్య విద్యార్థి:

సోదరి ఇచ్చిన జవాబుతో ఈ చర్చ మలుపు తిరిగిందని నా అభిప్రాయం. పెద్దలు చూపించిన కొరింథీ పత్రిక అధ్యాయాన్నే మొదటినుంచి చదివితే, పౌలు అన్యాయం సహించమనడానికి ముందు సంఘాన్ని నిలదీశాడు. సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని అయిదవ వచనంలో అడుగుతాడు. సహించమన్న వెంటనే, ఎనిమిదవ వచనంలో, అన్యాయం చేసేదీ అపహరించేదీ మీరే, అదీ మీ సహోదరులకే అంటాడు. తీర్పు తీర్చవలసిన సంఘం తప్పుకొని, అపహరించిన సహోదరునికి చెప్పవలసిన మాట చెప్పక, సహించమన్న ఏడవ వచనాన్ని మాత్రం నష్టపోయిన చెల్లెలి చేతిలో పెట్టడం ఆ అధ్యాయానికి విధేయత కాదు.

బల్ల విషయం కూడా అంతే. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి అయిదవ అధ్యాయంలో ప్రభువు చెప్పింది ఎవరితో? తన మీద సహోదరునికి ఏమైనా విరోధం ఉన్నదని జ్ఞాపకం వచ్చినవానితో, అంటే ఎదుటివానికి నష్టం చేసినవానితో. కోతపండుగనాడు ఆ వాక్యం వర్తించవలసింది బియ్యం బస్తా తెచ్చినవారికి. కొరింథులో బల్ల దగ్గర పౌలు ఖండించింది కూడా, తమ భోజనం తాము ముందుగా తినేసి, లేనివారిని ఆకలితో నిలబెట్టి సిగ్గుపరచినవారిని. పొరుగువారితో ప్రేమా సమాధానాలు కలిగినవారు రండి అని మన ఆరాధన క్రమాల్లో ఉన్న పిలుపు ఇద్దరికీ వర్తించాలి. ఒకరికి కానుక మీద దీవెన, మరొకరికి బల్ల దగ్గర నిషేధం ఎలా కుదురుతాయో నాకు అర్థం కావడం లేదు.

క్షమాపణ గురించి నా మాట ఇది. పగ తీర్చుకునే హక్కును వదులుకొని, అన్న మేలు కోరి ప్రార్థించడం ఆయన తప్పు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చేయవలసిందే, ఇందులో పెద్దలు చెప్పినది నిజం. సిలువ మీది ప్రార్థన మనకు నేర్పేది అదే. కానీ ప్రభువే లూకా పదిహేడవ అధ్యాయంలో, సహోదరుడు తప్పు చేస్తే గద్దించమనీ, మారుమనస్సు పొందితే క్షమించమనీ రెండూ కలిపి చెప్పాడు. తెగిన బంధం తిరిగి కలవడానికి ఇద్దరూ కావాలి. యోసేపు తనను అమ్మేసిన అన్నల మీద పగ పెట్టుకోలేదు, వారికి ధాన్యం ఇచ్చి పంపాడు, ఏకాంతంగా వెళ్లి ఏడ్చాడు. అయినా తమ్ముడు బెన్యామీను కోసం అన్న యూదా తనను తాను బానిసగా అప్పగించుకోవడానికి సిద్ధపడేవరకు తాను ఎవరో వారికి చెప్పలేదు. సుంకరి జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజున అతడు అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. తిరిగి ఇవ్వడం మన బోధల్లో ఇంత తక్కువగా ఎందుకు వినిపిస్తుందో అని నాకు చాలాకాలంగా బాధగా ఉంది.

ఇక ఆడపిల్ల తండ్రి ఆస్తిలో వాటా అడగడం లోభమేనా అంటే, సంఖ్యాకాండం ఇరవై ఏడవ అధ్యాయం తెరవండి. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట, యాజకుని ఎదుట, సర్వసమాజం ఎదుట నిలిచి తండ్రి స్వాస్థ్యం అడిగారు. వారు చెప్పింది యుక్తమేనని దేవుడే అన్నాడు. విసుగక ప్రార్థించడానికి ప్రభువు ఉదాహరణగా నిలబెట్టిన విధవరాలు కూడా న్యాయాధిపతి గుమ్మం విడువకుండా తిరిగిన స్త్రీయే. ఓర్పు అంటే నోరు మూసుకొని ఉండడమేనని ఆ ఉపమానం చదివినవారు అనలేరు.

హైదరాబాదు నుంచి ఒక అక్క:

నేను మా తమ్ముడికి నా వాటా వదిలేశాను. ఎవరి ఒత్తిడీ లేదు. తమ్ముడు నన్నూ మా వారినీ కూర్చోబెట్టి, పొలం మీద ఉన్న అప్పు ఎంతో, దాని విలువ ఎంతో దాచకుండా చెప్పి, "అక్కా, నీ వాటా నీకు ఇమ్మంటే ఇస్తాను, వదిలితే నాకు సాయం" అన్నాడు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు నేనే వెళ్లి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాను. దానివల్ల నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ ఉంది. అందుకే పెద్దలు సహించమన్న మాటను నేను తేలికగా తీసుకోలేను, నష్టపోవడానికి ఇష్టపడడంలో నిజంగా ఒక దీవెన ఉంది. అయితే చెల్లీ, నేను ఇచ్చాను కాబట్టి ఆ దీవెన కలిగింది. నీ దగ్గర నుంచి తీసుకున్నారు. ఇవ్వడానికి ముందు అది నీ చేతిలోకి రావాలి కదా.

పాస్టరమ్మ, ప్రకాశం జిల్లా:

ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారు గానీ, ఆ తల్లి గురించి ఎవరూ అడగలేదు. చట్టం ప్రకారం ఆ మూడెకరాల్లో ఒక ఎకరం ఆమెది. కూతురు తన వాటాను క్షమించి వదులుకోవచ్చు, అది ఆమె ఇష్టం. అమ్మ వాటాను వదిలేసే అధికారం కూతురికి లేదు, కమిటీకి లేదు, అయ్యగారికి అంతకన్నా లేదు. ఒకరికి రావలసిన బాకీని మరొకరు క్షమించడం వాక్యంలో నేనెక్కడా చూడలేదు. పౌలు సైతం ఫిలేమోనుకు, అతని దాసుడైన ఒనేసిము బాకీ రద్దు చేయమని ఆజ్ఞ రాయలేదు, అది నా లెక్కలో చేర్చు, నేను తీరుస్తాను అని తన చేతివ్రాతతో రాశాడు.

మా స్త్రీల సమాజంలో ఇటువంటి కథలు వింటూనే ఉంటాను. అత్త మాట పడ్డ కోడలికి, తాగి కొట్టే భర్త ఉన్న భార్యకు, వాటా దక్కని ఆడపడుచుకు క్షమించమని చెప్పినంత సులువుగా, ఎదుటివారికి పశ్చాత్తాపపడమని మనం చెప్పడం లేదు. కృతజ్ఞత విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్లి చేసిన అన్నకు కృతజ్ఞత ఉండవలసిందే. ఆ కృతజ్ఞత ప్రేమగా, ప్రార్థనగా, అన్నకు జబ్బు చేస్తే వెళ్లి కూర్చోవడంగా కనబడాలి. దాన్ని ఎకరాల్లో చెల్లించమంటే అది పెళ్లికి పెట్టిన ఖర్చును వడ్డీతో వసూలు చేయడం.

సోదరీ, ఒక్కటి మాత్రం నీతో తల్లిలా చెబుతాను. దావా వాయిదా ఉన్న రోజుల్లో మనసులో ఏం తిరుగుతున్నదో చూసుకో. అన్న పరువు పోవాలని కోరిక కలిగితే, ఆ రోజు కేసు న్యాయమైనదే అయినా నీ ప్రార్థన చెడిపోతుంది. బల్లకు ముందు నిన్ను నువ్వు పరీక్షించుకోవలసింది అక్కడ.

న్యాయవాది, ఏలూరు:

అక్కగారు, పాస్టరమ్మగారు చెప్పిన తర్వాత ఆచరణకు పనికివచ్చే మాట ఒకటి చెబుతాను. దావాను కొట్టివేయించుకోవద్దు, దానిని లోక్ అదాలత్‌కు, అంటే ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే న్యాయపీఠానికి పంపమని కోర్టును అడగండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది, తాలూకా స్థాయిలోనే న్యాయసేవా కమిటీ ఉంటుంది. ఇద్దరూ రాజీకి వస్తే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అక్కడ గెలుపూ ఓటమీ ఉండవు, అంగీకారం ఉంటుంది. అన్నగారు ఒప్పుకోకపోతే దావా ఎక్కడిదక్కడే ఉంటుంది. దావాలో అమ్మగారు కూడా కక్షిదారుగా ఉన్నారో లేదో మీ వకీలును అడిగి చూడండి, పంపకాల దావాలో వాటాదారులందరూ ఉండాలి.

సంఘ పెద్ద, కృష్ణా జిల్లా:

పాస్టరమ్మగారు తల్లి వాటా గురించి చెప్పిన మాటకు నా దగ్గర జవాబు లేదు, అది సరైన మాట. సంఘం కాగితాన్నే తీసుకోని చోట, చెల్లెలిని మాత్రమే బల్ల నుంచి ఆపడాన్ని కూడా నేను సమర్థించలేను. ఆపితే ఇద్దరినీ ఆపాలి, లేదా ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాలి. అయితే దావా విషయంలో నా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. అన్నాచెల్లెళ్లు కోర్టు వరండాలో చెరొకవైపు నిలబడి ఉంటే, అదే వరండాలో ప్రభువును ఎరుగని ఊరివారు చూస్తూ ఉంటారు. ఆ సాక్ష్యం పోవడం నాకు ఎకరం పోవడం కంటే పెద్ద నష్టంగానే కనబడుతోంది.

వాక్య విద్యార్థి:

పెద్దగారూ, ఆ ఊరివారు కోతపండుగనాటి బస్తాను కూడా చూశారు. అది ఎవరి పొలంలో పండిందో వారికి తెలుసు. చెల్లెలు కోర్టు మానుకున్నంత మాత్రాన ఆ సాక్ష్యం బాగుపడదు.

గుంటూరు సోదరి:

అందరికీ వందనాలు. దావాలో అమ్మ పేరు ఉంది, రెండవ ప్రతివాదిగా చేర్చారు. ఈ రాత్రి అమ్మకు ఫోను చేసి, ఆమె వాటా విషయంలో ఆమెకు ఏం కావాలో మొదటిసారి ఆమెనే అడుగుతాను. లోక్ అదాలత్‌కు పంపమని వచ్చే వాయిదాలో మా వకీలు చేత అర్జీ పెట్టిస్తాను. అమ్మ బ్రతికున్నంతకాలం అన్నయ్యే పొలం చేసుకుంటూ, అమ్మ వాటాకూ నా వాటాకూ కౌలు ఇస్తే నాకు సమ్మతమేనని అందులో రాయిస్తాను. హైదరాబాదు అక్కగారూ, ఆ తర్వాత వదిలేస్తానో లేదో ఇప్పుడు చెప్పలేను.

అన్నయ్య కోసం పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నాను, పాస్టరమ్మగారు హెచ్చరించిన ఆలోచన ఇంకా వస్తూనే ఉన్నా మానలేదు. బల్ల గురించి పెద్దలు చెప్పిన మాటనే, అంటే ఆపితే ఇద్దరినీ ఆపమని, లేదా ఇద్దరినీ కూర్చోబెట్టమని, కమిటీకి మళ్లీ కాగితం రాసి అయ్యగారికి స్వయంగా ఇస్తాను. ఆయన ఏమన్నారో ఇక్కడ తెలియజేస్తాను.