రెండు గంటలకోసారి పక్క మార్చినా నడుము కింది ఎరుపు తగ్గడం లేదు, సలహా కావాలి

రాత్రి డ్యూటీ:
అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. నిన్న రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కిన దగ్గరి నుంచి ఇప్పటి వరకు ఒకే విషయంతో తల బద్దలు కొట్టుకుంటున్నాను. పక్షవాతంతో మంచం పట్టిన ఒక పెద్దావిడకు నడుము కింది ఎముక మీద రూపాయి బిళ్ళంత ఎరుపు వచ్చి నాలుగు రోజులైంది. రెండు గంటలకోసారి పక్క మారుస్తున్నాము, చార్టులో సమయం వేసి సంతకం చేస్తున్నాము, ఎయిర్ బెడ్ (పంపుతో అరల్లోకి గాలి ఎక్కి దిగే పరుపు) వేశాము, పౌడర్ చల్లుతున్నాము. అయినా తెల్లవారుజామున ఒళ్ళు తుడిచేటప్పుడు చూస్తే ఎరుపు తగ్గకపోగా కాస్త పెరిగినట్టే ఉంది. పగటి డ్యూటీ వాళ్ళేమో రాత్రి మేము నిద్రపోయామని అంటున్నారు. చేయవలసినవన్నీ చేస్తున్నా లోపం ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

పాత స్టాఫ్ నర్సు:
అమ్మా, ముందుగా ఆ పౌడర్ డబ్బా పక్కన పెట్టండి. తడి మీద పడిన పౌడర్ ముద్దగా మారి, మడతల్లో చేరి, చర్మాన్ని ఒరిపిడికి గురిచేస్తుంది. ఎరుపు కనిపించిన చోట స్పిరిట్ పెట్టి రుద్దే అలవాటు కూడా మన ఆసుపత్రులలో చాలాకాలం సాగింది. రుద్దితే రక్తం బాగా ఆడుతుందని మాకూ అలాగే నేర్పారు. కానీ అప్పటికే నలిగిన కణజాలాన్ని రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుంది కాబట్టి ఆ పని అసలే చేయకూడదు. నడుము కింద గాలి రింగు పెట్టడం కూడా మానాలి, ఎందుకంటే మధ్యలో ఖాళీ వదిలినా చుట్టూ అంచు నొక్కడం వల్ల ఆ భాగానికి రక్తం అందదు. గోరువెచ్చని నీళ్ళతో మెత్తగా తుడిచి, అద్ది ఆరబెట్టి, డైపర్ తడి తగిలే చోట జింక్ ఆక్సైడ్ క్రీము పలుచగా రాయండి. ఈ పౌడర్ల గురించి నేను ఎన్నిసార్లు చెప్పినా వినేవారు లేరు.

చిన్న ప్రశ్న:
మంచం తల వైపు ఎంత ఎత్తులో ఉంటోంది?

భాషాభిమాని:
ప్రశ్నలోనే ఒక గందరగోళం ఉందని సవినయంగా మనవి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే ఆపరేషన్లు, కాన్పులు చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. వయసు మళ్ళినవారిని ఏళ్ళ తరబడి చూసుకునే చోటును ఆ పేరుతో పిలవడం అమెరికా వాడుక. మీరు చెబుతున్నది వృద్ధుల సంరక్షణ గృహమైతే అలాగే రాయండి, లేకపోతే డాక్టరు పక్క గదిలోనే ఉంటారనుకుని అందరూ సలహాలు ఇస్తారు.

రాత్రి డ్యూటీ:
మాది వృద్ధుల గృహమే, బోర్డు మీద మాత్రం నర్సింగ్ హోమ్ అని ఉంటుంది. డాక్టరు వారానికి రెండుసార్లు వస్తారు. పేరు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పండి.

డాలస్ నుంచి:
నేను టెక్సస్‌లో సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్‌ను. ఇక్కడ ఈ పని చేయాలంటే కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని 1987 నాటి కేంద్ర చట్టం చెబుతుంది. మా రాష్ట్రంలో అది 100 గంటలు, ఆపైన పరీక్ష కూడా ఉంటుంది. అక్కడ చాలామందిని రెండు రోజులు వెంట తిప్పుకుని మూడో రోజున పది మంచాలు అప్పగిస్తారని వింటాను. అసలు లోపం ఆవిడ వీపు మీద కాదు, ఈ పద్ధతిలో ఉంది. ఇక విషయానికి వస్తే, మీరు ఎలా పక్క మారుస్తున్నారో రాయలేదు. పూర్తిగా పక్కకు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడ కొత్త ఎరుపు మొదలవుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలులో ఉంచాలి, పిక్కల కింద ఇంకొక దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా తేల్చాలి. అలా ఉంచాక, నడుము కింది ఎముకకూ పరుపుకూ మధ్య మీ అరచేయి దూరాలి. దూరకపోతే పక్క మార్చినట్టు కాదు.

రాత్రి డ్యూటీ:
శిక్షణ లేదని మీకెవరు చెప్పారు అక్కా? నేను జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చదివే ఈ పనిలో చేరాను. దిండ్లు మీరు చెప్పినట్టే పెడుతున్నాము, కానీ గంట తిరిగేసరికి ఆవిడ దిండ్ల మీది నుంచి కిందికి జారిపోయి, పాదాలు మంచం చివరి పట్టీకి తగులుతుంటాయి. అప్పుడు ఇద్దరం చంకల కింద చేతులు పెట్టి పైకి లాగుతాము.

చిన్న ప్రశ్న:
తల వైపు ఎత్తు ఎంతో ఇంకా చెప్పలేదు.

పాత స్టాఫ్ నర్సు:
లాగుతున్నారా! అదే చేయకూడదమ్మా. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఒక దుప్పటి మడిచి కింద పరచండి, ఇద్దరూ చెరొక వైపు దాని అంచులు చుట్టి పట్టుకుని ఎత్తి జరపండి. చర్మం పరుపుకు అంటుకుని ఉండగా ఎముక మాత్రం జరిగితే, మధ్యనున్న సన్నని రక్తనాళాలు మెలిపడి మూసుకుపోతాయి. పైకి కనిపించేది ఎరుపే అయినా లోపల జరిగే నష్టం అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. వేలితో నొక్కి చూశారా? నొక్కి వదిలినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే కొంత నయం. తెల్లబడకపోతే అది మొదటి దశ పడక పుండు, డాక్టరు వచ్చే రోజు కోసం ఆగకుండా ఫోను చేసి చెప్పాలి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు, తెలుపు సరిగా తెలియవు కాబట్టి వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేతి వెనక భాగంతో చూడండి.

భాషాభిమాని:
చర్మం చెక్కుచెదరకుండా ఉంటే దానిని పుండు అనవచ్చునా? అమెరికా నిపుణుల సంఘం 2016లో ఈ కారణంగానే పుండు అనే మాట తీసేసి ఒత్తిడి గాయం అన్నది. మనం కూడా ఒత్తిడి గాయం అంటే బాగుంటుంది.

డాలస్ నుంచి:
మా చార్టులలో కూడా ఇప్పుడు అలాగే రాస్తాము. ఆ మార్పు సరైనదే.

పాత స్టాఫ్ నర్సు:
ఒత్తిడి గాయం అని ఇంటివాళ్ళకు చెబితే ఎవరో కొట్టారనుకుని పోలీసుల దగ్గరికి పోతారు. పడక పుండు అంటే పల్లెలో ముసలమ్మకు కూడా అర్థమవుతుంది. పైగా ప్రశ్న అడిగినామె వాడిన ఎరుపు అన్న మాటే అన్నిటికంటే నిక్కచ్చిగా ఉంది.

రాత్రి డ్యూటీ:
తల వైపు ఎత్తు అడిగినవారికి చెబుతున్నాను. ఆవిడకు ముక్కులో గొట్టం ఉంది, మూడు గంటలకోసారి ఆహారం పోస్తాము. ఆహారం పొలమారకుండా తల ఎత్తులో ఉండాలని డాక్టరు చెప్పారు, కాబట్టి రాత్రీ పగలూ సగం కూర్చున్నట్టే ఉంటుంది. నిజానికి దించుదామన్నా కుదరదు, మంచం కింద మర తిప్పే హ్యాండిల్ పోయి ఆరు నెలలైంది. మా అంతస్తులో మూడు మంచాలు ఇలాగే ఉన్నాయి కాబట్టి ఇది రాయవలసిన సంగతి అనుకోలేదు. ఇంకొక మాట, ఎయిర్ బెడ్ మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, దాని మీద మడిచిన చీర, దాని మీద అండర్ ప్యాడ్ వేస్తాము, లేకపోతే పరుపు పాడవుతుందని మేనేజరు గారు కోప్పడతారు.

చిన్న ప్రశ్న:
దొరికింది. సగం కూర్చోబెడితే జారుతుంది, జారితే ఎముక మీద చర్మం నలుగుతుంది. ఎన్నిసార్లు పక్క మార్చినా మధ్యలో ఆ రెండు గంటలూ అదే జరుగుతోంది. గొట్టం ఉంది కాబట్టి పూర్తిగా చదును చేయకండి. ఆహారం పోసేటప్పుడు, పోశాక గంటసేపు ఎత్తు ఉంచి, తర్వాత 30 డిగ్రీలకు దించవచ్చునా అని డాక్టరును అడగండి. తల ఎత్తే ముందు మోకాళ్ళ కింద దిండు పెట్టండి. ఎయిర్ బెడ్ మీద ఒక పలుచని దుప్పటి, ఒక ప్యాడ్ చాలు. నాలుగు పొరలు వేస్తే కింద గాలి అరలు ఎక్కి దిగుతున్నా ఒంటికి తెలియదు. పంపు బుడిపెను ఎంత బరువున్న మనిషికి తిప్పి పెట్టారో కూడా చూడండి.

డాలస్ నుంచి:
హ్యాండిల్ లేని మంచం మీద రోగిని పెట్టడం మా దగ్గర అయితే తనిఖీలో పట్టుకుంటారు. వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

పాత స్టాఫ్ నర్సు:
రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మరునాడు ఆమె ఉద్యోగం ఉంటుందా అన్నది కూడా ఆలోచించి చెప్పాలి. ముందు పని జరిగే దారి చూడండి.

రాత్రి డ్యూటీ:
కింది అంతస్తులో ఖాళీ మంచం నుంచి హ్యాండిల్ తెచ్చి పెట్టాము, పట్టింది. పంపు బుడిపె చివరి అంకె మీద ఉంది, ఆవిడ బరువేమో 43 కిలోలు, తగ్గించాము. డాక్టరుకు ఫోను చేశాము, సాయంత్రం వస్తానన్నారు. అందరికీ కృతజ్ఞతలు, ఇప్పుడు నిద్రపోవాలి.

కొత్త సభ్యురాలు:
క్షమించాలి, మధ్యలో అడుగుతున్నాను. మా అత్తగారికి ఇంట్లోనే ఎయిర్ బెడ్ వేశాము, కరెంటు పోయినప్పుడల్లా అది చప్పబడిపోతోంది. ఇన్వర్టరుకు పంపు కలపవచ్చునా?

భాషాభిమాని:
దయచేసి దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి.