మాష్ మేతతో బ్రాయిలర్ బరువు రావట్లేదు, పెల్లెట్‌కి మారాలా?

ప్రశ్న: మాది చిత్తూరు వైపు. బెంగళూరు దగ్గర హొస్కోటెలో బ్రాయిలర్ షెడ్డు పెట్టుకున్నాం. మేత మేమే ఆడిస్తాం, అంతా మాషే, అంటే పొడి మేత. ఎనర్జీ కిలోకి 2900 కిలోకేలరీల దగ్గర ఉంటుంది. పక్క షెడ్డులో పెల్లెట్ (గుళికల మేత) వేస్తారు, వాళ్ల కోళ్లు మాకంటే ముందే అమ్మకానికి వస్తున్నాయి. నూనె పెంచితే సరిపోతుందా అన్నా?

జవాబు: నూనె ఒక్కటే పెంచితే లాభం లేదు తమ్ముడూ. మాష్‌ని కోడి కొంచెం కొంచెంగా ఏరుకుని తింటుంది, చాలాసేపు తొట్టి దగ్గరే నిలబడుతుంది. పెద్ద నూకలు ముందు ఏరేసి పొడి వదిలేస్తుంది. పెల్లెట్ అయితే ప్రతి ముక్కలోనూ అన్నీ ఉంటాయి, త్వరగా తిని పడుకుంటుంది. పెల్లెట్‌లో ఎనర్జీ కాస్త తగ్గినా ఇంకొంచెం ఎక్కువ తిని సరిపెట్టుకోగలదు. మాష్‌లో ఆ వీలు తక్కువ. మీది మాషూ, పైగా ఎనర్జీ కూడా తక్కువే, రెండు వైపులా దెబ్బ.

బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లెక్కలో కిలో మేతకి ఎనర్జీ ప్రీస్టార్టర్‌కి (మొదటి రోజుల మేత) 3000, స్టార్టర్‌కి (ఆ తర్వాతది) 3100, ఫినిషర్‌కి (అమ్మే దాకా వేసేది) 3200 కిలోకేలరీలు ఉండాలి. ప్రొటీన్ వరసగా 23, 22, 20 శాతం. క్వింటాల్ మేతలో కిలో మొక్కజొన్న తీసి కిలో నూనె పోస్తే, కిలో మేతకి పెరిగేది 50-55 కిలోకేలరీలే. 3100 చేరాలంటే నాలుగు శాతం దాకా పోయాలి. మాష్‌లో అంత నూనె అంటే ఉండలు కడుతుంది, నిల్వ ఉంటే కనరు వాసన వస్తుంది. పైగా ఎనర్జీ పెరిగితే కోడి తినడం తగ్గిస్తుంది. అప్పుడు ప్రొటీన్, లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) కూడా పెంచకపోతే మాంసం బదులు కొవ్వు పడుతుంది. తవుడు వేస్తుంటే ముందు అది తగ్గించి మొక్కజొన్న పెంచండి, ఖర్చు తక్కువ. మరీ మెత్తగా ఆడించకండి, ముక్కులకి అంటుకుంటుంది.

మరో సభ్యుడు: పెల్లెట్ కొంటే బస్తా తెచ్చాక జల్లెడ పట్టి చూడండి. సగం పొడి రాలితే పెల్లెట్ రేటు పెట్టి మాష్ కొన్నట్టే. చిన్న కోడిపిల్లలకి క్రంబుల్ (విరిచిన పెల్లెట్) వేయండి, పెల్లెట్ వాటి నోటికి పట్టదు.

ఇంకొకరు: బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలికి కర్టెన్లు పూర్తిగా దించేసి, ఎనర్జీ ఎక్కువున్న పెల్లెట్ వేస్తే పొట్టలో నీరు చేరి చచ్చే కోళ్లు పెరుగుతాయి. వేగంగా పెరిగే కోడికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుకే పైభాగంలో గాలి పోయేలా కొంచెం తెరిచి ఉంచాలి.

ప్రశ్న: అయితే స్టార్టర్ వరకు క్రంబుల్ కొని, తవుడు తీసేసి ఫినిషర్ మేమే ఆడిస్తే?

జవాబు: చేయొచ్చు. ఒక్కసారిగా మార్చకుండా రెండు మూడు రోజులు కలిపి వేయండి. వారానికోసారి కొన్ని కోళ్లని తూకం వేసి, తిన్న మేతతో పాటు రాసుకోండి. తర్వాతి బ్యాచ్‌లో పూర్తి పెల్లెట్ కొనాలో వద్దో ఆ ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో), మీ మేత ఖర్చు చూసి తేల్చుకోవచ్చు.

వేరొకరు: మా ఊళ్లో అమ్మ గిరిరాజా (పెరటి కోళ్ల రకం) పెంచుతోంది, వాటికీ పెల్లెట్ పెట్టమనాలా?

జవాబు: అక్కర్లేదు. నిదానంగా పెరిగే కోళ్లు అవి, మాష్ చాలు. పెరట్లో ఎలాగూ గడ్డి, పురుగులు తింటాయి.