విజయనగరం, శ్రీకాకుళంలలో గ్లూటెన్, పాలు రెండూ లేని పిజ్జా దొరుకుతుందా?

గంటస్తంభం వీధి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు బెంగళూరులో చదువుకుంటోంది. ఆమెకు సీలియాక్ (గోధుమ, మైదా వంటివాటిలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉన్నట్టు గత ఏడాది రక్తపరీక్షలోనూ, ఆ తరువాత చిన్నపేగు ముక్క తీసి చేసిన పరీక్షలోనూ తేలింది. అంతకు ముందే ఆమె పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు మానేసి వీగన్‌గా మారింది. సిరిమానోత్సవానికి ఇంటికి వస్తూ, "మామయ్యా, అందరితో కలిసి కూర్చుని ఒక్కసారి పిజ్జా తినాలని ఉంది" అన్నది.

ఆ మాట పట్టుకుని విజయనగరంలో నాలుగు దుకాణాలు, పనిమీద శ్రీకాకుళం వెళ్లినప్పుడు ఏడు రోడ్ల కూడలి ప్రాంతంలో మరో రెండు తిరిగాను. గ్లూటెన్ లేని రొట్టె ఉందా అని ఒకచోట అడిగితే, తాము మైదా ముట్టుకోమనీ, అచ్చమైన గోధుమపిండితోనే చేస్తాము కనుక నిశ్చింతగా తినవచ్చనీ చెప్పారు. మరొకచోట వీగన్ అనగానే మెనూ మీది పచ్చ చుక్క చూపించారు. వారిని తప్పుపట్టను, ఏడాది కిందట నాకూ ఈ సంగతులు తెలియవు.

ఈ రెండు ఊళ్లలో నమ్మదగిన చోటు ఏదైనా ఉందా, లేక విశాఖపట్నం దాకా వెళ్లవలసిందేనా? ఆమెకు సరిపడే రొట్టెను మనమే తీసుకువెళ్లి ఇచ్చి, పైన కూరగాయలు పరచి కాల్చి ఇమ్మంటే అది క్షేమమేనా?

నాగావళి గట్టు

గంటస్తంభం వీధి గారికి నమస్కారం. నాకూ సీలియాక్ ఉంది. మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: క్షేమం కాదు. పిజ్జా వంటగదిలో ఉండను వత్తేటప్పుడు పొడిపిండి ధారాళంగా చల్లుతారు. ఆ పిండి గాలిలో లేచి బల్ల మీద, పట్టకార్ల మీద, తరిగి పెట్టుకున్న ఉల్లిపాయ, కాప్సికమ్ ముక్కల మీద పడుతుంది. పొయ్యి అదే, కోసే చక్రం అదే, చేతులూ అవే. మన దేశపు ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే ఆ పదార్థాన్ని గ్లూటెన్ రహితం అనకూడదు. ఆ లెక్కన పావుకిలో పిజ్జాకు మొత్తం 5 మిల్లీగ్రాములే హద్దు, ఒక్క గ్రాము మైదాలోనే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. డామినోస్ సంస్థ 2012లో అమెరికాలో గ్లూటెన్ లేని రొట్టెను ప్రవేశపెట్టినప్పుడు, సీలియాక్ ఉన్నవారు దానిని తినవద్దని తానే ప్రకటించింది, కారణం ఈ ఉమ్మడి వంటగదే.

విశాఖపట్నం వెళ్లినా అడగవలసిన ప్రశ్న మారదు. "మీ దగ్గర గ్లూటెన్ లేని పిజ్జా ఉందా" అని కాకుండా, "గోధుమపిండి అడుగుపెట్టని వంటగది మీకు వేరే ఉందా" అని అడగండి. లేదన్నచోట ఆమెను తిననివ్వకండి. పదికి తగ్గకుండా చోట్ల శాఖలున్న సంస్థలు అలర్జీ కారకాల వివరాలను వినియోగదారులకు తెలియజేయాలన్న నిబంధన ఉన్నందున, పెద్ద దుకాణాలలో ఆ పట్టికను అడిగి చూడవచ్చు. అందులో గోధుమ, పాలు ఎక్కడెక్కడ ఉన్నదీ తెలుస్తుంది గాని వంటగదిలో ఎగిరే పిండి సంగతి తెలియదు.

చోడిపిండి

వీగన్ వైపు నుంచి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే ఈ రెండు నియమాలూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. గ్లూటెన్ లేని రొట్టెకు పట్టు కోసం బయటివారు చాలాసార్లు గుడ్డు, పాలపొడి కలుపుతారు. వీగన్ మాంసం పేరుతో అమ్మే ముక్కలలో చాలావాటికి, సోయా చాప్‌తో సహా, గోధుమ గ్లూటెనే పట్టు. కాబట్టి ఒక గుర్తు చూసి రెండోది కూడా ఉన్నదనుకోకూడదు. పచ్చ చుక్కలో పాలకు అభ్యంతరం లేదు, వీగన్ పదార్థాలకు 2022 నిబంధనలతో ఆకు మొలిచిన పచ్చని 'వి' అక్షరం గుర్తు వేరుగా వచ్చింది. పొడి ఇంగువలో మైదా కలిసి ఉండడం మామూలే. సోయా సాస్‌లో తరచూ గోధుమ ఉంటుంది.

చీజ్ లేకపోతే పిజ్జాయే కాదన్న బెంగ మాత్రం వద్దు. నేపుల్స్‌లో మరినారా అనే పాత రకానికి టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె తప్ప మరేమీ వేయరు.

మా ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. ఒక గ్లాసు బియ్యప్పిండి, అర గ్లాసు చోడిపిండి (రాగిపిండి), పావు గ్లాసు సగ్గుబియ్యం పిండి, రెండు చెంచాల ఇసబ్‌గోల్ పొట్టు, ఒక చెంచా ఈస్ట్, ఉప్పు, కాస్త నూనె వేసి గోరువెచ్చని నీళ్లతో గరిటెజారుగా కలిపి గంటసేపు ఉంచుతాము. ఈ పిండిని గట్టిగా కలిపి చేత్తో వత్తబోతే విరుగుతుంది, గ్లూటెన్ చేసే సాగుడు పనిని ఇసబ్‌గోల్ కొంతవరకే చేయగలదు. అందువల్ల నూనె రాసిన పళ్లెంలో పోసి తడి చేత్తో సర్ది, ముందుగా ఒట్టి రొట్టెనే గట్టిపడేదాకా కాల్చి, ఆ తరువాతే టమాటా గుజ్జు, ముక్కలు పరుస్తాము. పైన చీజ్‌కు బదులు పలాస జీడిపప్పును నాలుగు గంటలు నానబెట్టి, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పుతో మెత్తగా రుబ్బి చుక్కలు చుక్కలుగా వేస్తాము. అది చీజ్‌లా తీగలు సాగదు, రుచికి లోటుండదు.

అసలు జాగ్రత్త పిండి దగ్గరే ఉంది. చోళ్లు మరలో ఆడించకండి. మనకంటే ముందు వచ్చినవారు గోధుమలు ఆడించి ఉంటారు, ఆ రాళ్ల మధ్య మిగిలినదంతా మన సంచిలోకే వస్తుంది. ఇంట్లో మిక్సీలో పట్టి జల్లించుకోండి, ఆ జల్లెడ కూడా కొత్తదై ఉండాలి.

అట్లపుల్ల

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే నాదొక భిన్నాభిప్రాయం. పిజ్జా కోసం ఇంత ప్రయాస ఎందుకు? మినపరొట్టె ఉండనే ఉంది. మినపపప్పు, బియ్యపు రవ్వ రుబ్బి పులియబెట్టి ఇనప మూకుడులో నూనె వేసి మూతపెట్టి కాలిస్తే, అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా, రెండంగుళాల మందంతో వస్తుంది. అందులో గోధుమ లేదు, పాలు లేవు, పట్టు కోసం ఏ పొట్టూ అక్కరలేదు. పలచగా పోసి, పైన టమాటా గుజ్జు, చోడిపిండి గారు చెప్పిన జీడిపప్పు ముద్ద వేస్తే ఆ పిల్లకు కావలసినది దాదాపు వచ్చినట్టే. అయితే టిఫిను హోటల్లో మాత్రం కొనకండి, పూరీ పిండి అంటిన చేతులతోనే దానినీ తిప్పుతారు.

గంటస్తంభం వీధి

అందరికీ ధన్యవాదాలు. మేనకోడలికి ఫోను చేసి అన్నీ చదివి వినిపించాను. తనకు పిజ్జా ముఖ్యమా, నలుగురితో కూర్చోవడం ముఖ్యమా అని అడిగితే, "రెండూ ముఖ్యమే, కానీ రొట్టె అమ్మమ్మ చేస్తే ఒప్పుకుంటాను" అన్నది. దుకాణాల వేట మానేశాను. పండుగనాడు ఇంట్లో అందరికీ ఒకే పిండి, ఒకే రొట్టె. ఒక్క సందేహం మిగిలింది: మా అమ్మ మూకుడు ముప్ఫై ఏళ్ల నాటిది, చపాతీలు కూడా అందులోనే కాల్చేది. బాగా తోమితే సరిపోతుందా?

నాగావళి గట్టు

సరిపోదు. పాత ఇనుము మీద నూనె పట్టి ఏర్పడిన పొరలో పిండి మిగిలి ఉండవచ్చు. కొత్త మూకుడు కొని, ఆమె కోసం విడిగా ఉంచండి.