అప్‌డేట్: నల్గొండలో పాత ఇంటిపై మొదటి అంతస్తుకు అనుమతి వచ్చింది

నల్గొండ పట్టణంలో 160 గజాల స్థలంలోని మా పాత స్లాబు ఇంటిపై మొదటి అంతస్తు వేయడానికి మళ్లీ అనుమతి తీసుకోవాలా అని ఇక్కడ అడిగాను. తీసుకోవాల్సిందే. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

దరఖాస్తుకు ముందే లైసెన్సు ఉన్న ఇంజినీరుకు ఇల్లు చూపించమన్న సలహాయే మాకు పనికొచ్చింది. పిల్లర్లు ఇంకో అంతస్తును మోయగలవని ఆయన తేల్చారు కానీ, మేము బయట వేయాలనుకున్న మెట్లు పక్కన వదలాల్సిన ఖాళీ స్థలంలోకి వస్తున్నాయని గుర్తించి, వాటిని ఇంటి లోపలికి మార్చి ప్లాను గీశారు. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం (తెలంగాణలో ఇళ్ల నిర్మాణ అనుమతుల చట్టం) ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణపై, అంటే వివరాలు సరైనవని మనమే రాసిస్తే, వెంటనే అనుమతి వస్తుంది. అయితే ఆ ధ్రువీకరణ తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, నోటీసు లేకుండానే కట్టడాన్ని కూల్చవచ్చు కూడా. అందుకే ఆ మెట్ల మార్పు మాకు చాలా ముఖ్యమైంది.

75 గజాల లోపు స్థలాలకు అనుమతి అవసరం లేదన్న మినహాయింపు మాకు వర్తించలేదు. పక్కింటివారి అంగీకార పత్రాన్ని ఎవరూ అడగలేదు. వారు ఒప్పుకున్నా వదలాల్సిన ఖాళీ స్థలం తగ్గదని ఇంజినీరు స్పష్టంగా చెప్పారు. ఆయన మొదట అడిగినవి రిజిస్ట్రేషన్ దస్తావేజు, పాత అనుమతి ప్లాను. వాటిని ముందే వెతికి పెట్టుకోండి.